రిసీవర్ మధ్యలో పెడితే ప్రొజెక్టర్‌లో బొమ్మ మిణుకుతోంది, సాయం చేయండి

అంబాజీపేట కొబ్బరికాయ (డిసెంబర్ 27, రాత్రి 9:40)

అందరికీ నమస్కారమండి. నాకు కొబ్బరికాయల లెక్క తెలుసు గానీ ఈ వైర్ల లెక్క తెలీదు. ఎక్కడైనా తప్పు మాట రాస్తే సర్దుకుని చదవండి.

మాది అంబాజీపేట పక్కన పల్లెటూరు. కొబ్బరి కమీషన్ వ్యాపారం. 2010లో ఇల్లు కట్టినప్పుడు మేడ మీద ఒక పెద్ద గది వదిలాం, ఎప్పటికైనా సినిమా గది చేసుకోవాలని. స్లాబు పోసేటప్పుడే ఎలక్ట్రీషియన్‌కి చెప్పి గది మూల నుంచి సీలింగు మధ్య దాకా ఇంచి పైపు వేయించాను. అందులో పదిహేను మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ (బొమ్మనీ శబ్దాన్నీ కలిపి మోసేది) కూడా లాగించేశాను. అప్పటికి నా దగ్గర ప్రొజెక్టరూ లేదు, రిసీవరూ (బొమ్మని ప్రొజెక్టర్‌కి, శబ్దాన్ని స్పీకర్లకి పంచే పెట్టె) లేదు, కేబుల్ ఉంది. గేదె లేకుండా పలుపు కొన్నాడని మా ఆవిడ ఇన్నేళ్ళూ చుట్టాలందరికీ చెప్పుకుంది.

ఈ దసరాకి గేదె వచ్చింది. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ తెచ్చి సీలింగుకి బిగించి, సెలవు అయిపోయిందని వెళ్ళిపోయాడు. రిసీవర్, ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్ మా బావమరిది ఇల్లు మారుతూ ఇచ్చేసినవి. కంప్యూటర్ మా అబ్బాయి చదువుకునే రోజుల్లో ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు వేయించుకున్న పాత డబ్బా. పుట్టినరోజుల వీడియోలు, పెళ్ళి వీడియోలు, సినిమాలు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు నా బాధ. కంప్యూటర్ నుంచి రిసీవర్‌కి చిన్న కేబుల్. రిసీవర్ నుంచి పైపులో కేబుల్ ద్వారా ప్రొజెక్టర్‌కి. బొమ్మ వస్తుంది, కానీ తెర నిండా తెల్లటి చుక్కలు మిణుగురు పురుగుల్లా ఎగురుతుంటాయి. ఐదారు సెకన్లకు మొత్తం నల్లగా అయిపోయి 'నో సిగ్నల్' అంటుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. విచిత్రం ఏమిటంటే బొమ్మ పోయినప్పుడు కూడా పాట ఆగదు. అయితే ఆ పాట కూడా ముందున్న రెండు స్పీకర్లలోనే. మిగతా మూడూ మూగవి.

సెట్‌టాప్ బాక్సుని అదే రిసీవర్‌కి పెడితే బొమ్మ అద్దంలా ఉంది, ఒక్క చుక్క లేదు. సరే, కంప్యూటర్‌లోనే తప్పుందేమోనని డబ్బాని స్టూలు మీదకెక్కించి, రెండు మీటర్ల కేబుల్‌తో నేరుగా ప్రొజెక్టర్‌కి పెట్టాను (మా ఆవిడ స్టూలు పట్టుకుంది, ఏమేం అందో ఇక్కడ రాయలేను). శుభ్రంగా వచ్చింది. అంటే రిసీవర్ మధ్యలో ఉంటేనే గొడవ అని తేలింది. పైగా విండోస్‌లో చూస్తే తెర పేరు దగ్గర ప్రొజెక్టర్ పేరుకి బదులు రిసీవర్ పేరు కనిపిస్తోంది. మా వ్యాపారంలో కూడా అంతే కదండీ, మధ్యలో వాడు సరుకు మీద తన పేరు వేసుకుంటాడు.

అమలాపురంలో ఒక షాపాయన్ని అడిగితే రిసీవర్ పాతబడిపోయింది, నలభై వేలు పెట్టి కొత్తది తీసుకోండి అన్నాడు. కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని చుట్టాలందరూ మా ఇంటికే వస్తారు, పిల్లలతో కలిపి ఇరవై ఐదు మంది. అందరికీ చెప్పేశాను సినిమా వేస్తానని. కొనెయ్యమంటారా?

ఇంకోటి మర్చిపోయాను. రిసీవర్ ఆన్ చేస్తే చాలు, స్పీకర్లలో ఎప్పుడూ సన్నగా బుయ్ మని మోత. ఇది వేరే జబ్బా, అదే జబ్బా?

పాలకొల్లు నేల టికెట్ (డిసెంబర్ 27, రాత్రి 10:15)

అంత ఆలోచన అక్కర్లేదన్నా. గ్రాఫిక్స్ కార్డుకి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే ఒకటి నేరుగా ప్రొజెక్టర్‌కి, ఇంకోటి రిసీవర్‌కి పెట్టు. బొమ్మ దారి బొమ్మది, పాట దారి పాటది. నేను అలాగే వాడుతున్నా.

అంబాజీపేట కొబ్బరికాయ (డిసెంబర్ 28, ఉదయం 6:30)

తమ్ముడూ, పొద్దున్నే లేచి అదీ చేశాను. ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లే పోర్ట్ ఉన్నాయి, మార్చే ముక్క అబ్బాయి బల్ల సొరుగులో దొరికింది. రెండు కష్టాలొచ్చాయి. ఒకటి, నేరుగా పైపు కేబుల్‌కి పెట్టినా చుక్కలు అలాగే ఎగురుతున్నాయి. రెండు, విండోస్ ఆ రిసీవర్‌ని ఇంకో తెర అనుకుంటోంది. మౌసు బాణం కుడివైపు వెళ్ళి కనపడకుండా పోయింది. లేని తెర మీద తిరుగుతోందన్నమాట. అరగంట వెతికాను. ఒకసారి సినిమా కిటికీ కూడా అక్కడికే వెళ్ళి తెరుచుకుంది.

రాజోలు రేడియో (డిసెంబర్ 28, ఉదయం 11:05)

కొబ్బరికాయ గారూ (పేరు మీరే పెట్టుకున్నారు, నన్ననకండి), రాజోల్లో ముప్పై ఎనిమిదేళ్ళు రేడియోలు, టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేశాను. కళ్ళు ఆనక ఈ మధ్యే మానేశాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రిసీవర్ కొనకండి. జవాబు మీరు రాసిన దాంట్లోనే ఉంది.

స్టూలెక్కి నేరుగా కలిపి చూశానన్నారు. ఏ కేబుల్‌తో చూశారు? రెండు మీటర్ల దాంతో. అంటే రిసీవర్‌తో పాటు పైపులో ఉన్న పదిహేను మీటర్ల కేబుల్ని కూడా తప్పించేశారు. ఇద్దర్ని ఒకేసారి బయటకు పంపి, దొంగతనం ఆగింది కాబట్టి వీడే దొంగ అని ఒకణ్ణి పట్టుకున్నారు. ఈ పొద్దున మీరే రాశారు చూడండి, రిసీవర్ లేకుండా పైపు కేబుల్‌కి పెట్టినా చుక్కలు వచ్చాయని. ఆ ముక్క మీకు కష్టంలా కనిపించింది, నాకు మాత్రం సాక్ష్యం.

పాట ఆగకపోవడం ఇంకో సాక్ష్యం. హెచ్‌డీఎంఐలో శబ్దానికి విడిగా తీగ ఉండదండి. బొమ్మని గీతలు గీతలుగా పంపేటప్పుడు గీతకీ గీతకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో శబ్దాన్ని ఇరికించి అవే తీగల మీద పంపుతారు. కంప్యూటర్ నుంచి రిసీవర్‌కి వచ్చే దారిలో తేడా ఉంటే బొమ్మతో పాటు పాట కూడా తెగేది. పాట నిక్షేపంలా ఉందంటే రిసీవర్ దాకా సరుకు బాగానే దిగింది. చెడేది అక్కడి నుంచి ప్రొజెక్టర్‌కి వెళ్ళే దారిలో.

మరి సెట్‌టాప్ బాక్సుకి అదే దారిలో ఎందుకు బాగా వచ్చింది? బరువు తక్కువ కాబట్టి. మన హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సులు సాధారణంగా 1080ఐ పంపుతాయి, అంటే ఒక్కోసారికి సగం గీతలే. దానికి సెకనుకు 7 కోట్ల 42 లక్షల 50 వేల పిక్సెళ్ళు (బొమ్మని తయారుచేసే చుక్కలు, మీ మిణుగురులు కావు) నడవాలి. మీ కంప్యూటర్ పంపేది 1080పీ, 60 హెర్ట్జ్, అంటే గీతలన్నీ సెకనుకు 60 సార్లు. దానికి 14 కోట్ల 85 లక్షలు. సరిగ్గా రెట్టింపు. కమీషన్ వ్యాపారులు కదా, లెక్క చూసుకోండి: తెర మీద కనిపించేవి 1920 అడ్డం, 1080 నిలువు. చుట్టూ ఉండే ఖాళీ కలుపుకుంటే 2200, 1125. రెంటినీ హెచ్చవేసి, మళ్ళీ 60 పెట్టి హెచ్చవేయండి.

ఇప్పుడు మీ కేబుల్ పై తొడుగు మీద సన్నగా అచ్చు వేసి ఉంటుంది, కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. 2010 నాటికి 'స్టాండర్డ్' అని ఒక రకం, 'హై స్పీడ్' అని ఒక రకం వచ్చేవి. స్టాండర్డ్ రకాన్ని పరీక్ష చేసేదే ఆ 7.42 కోట్ల బరువు దాకా. దాని మీద రెట్టింపు బరువు వేస్తే రెండు మీటర్లలో ఏమీ తెలియదు, పదిహేను మీటర్లలో మిణుగురులు వస్తాయి.

రూపాయి ఖర్చు లేకుండా పరీక్ష చెబుతాను. అన్నీ మళ్ళీ మొదట ఉన్నట్టు కలపండి, రిసీవర్ మధ్యలోనే. ముందు ప్రొజెక్టర్ ఆన్ చేయండి, తర్వాత రిసీవర్, చివర్లో కంప్యూటర్. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే, అక్కడ రిఫ్రెష్ రేట్ 60 తీసేసి 24 పెట్టండి. 24 బదులు 23.976 కనిపించినా అదే. 1080పీ 24కి కూడా బరువు 7.42 కోట్లే. చుక్కలు మాయమైతే దొంగ కేబులే. మౌసు మాత్రం ఎడ్లబండిలా నడుస్తుంది, కంగారు పడకండి.

ఆన్ చేసే వరస ఎందుకన్నానంటే, ప్రొజెక్టర్‌లో ఒక చీటీ ఉంటుంది, నేను ఇంత సైజు బొమ్మ తీసుకోగలను అని. దాన్నే ఈడీఐడీ అంటారు. రిసీవర్ ఆ చీటీ చదివి, దానికి కింద తన శబ్దం వివరాలు జతచేసి, కంప్యూటర్‌కి అందిస్తుంది. చీటీ ఇచ్చింది రిసీవర్ కాబట్టి విండోస్‌లో దాని పేరు కనిపిస్తోంది. అందులో మోసం లేదు. ప్రొజెక్టర్ నిద్రలో ఉండగా కంప్యూటర్ లేస్తే చీటీ సగమే అందుతుంది. అప్పుడే బొమ్మ చిన్న సైజులో రావడం, ఐదు స్పీకర్లు రెండైపోవడం జరుగుతుంటాయి.

భీమవరం చెరువుగట్టు (డిసెంబర్ 28, మధ్యాహ్నం 2:20)

కేబుల్ సంగతి పెద్దాయన చెప్పేశారు. బుయ్ మోత గురించి నేను చెబుతా, రెండేళ్ళు అనుభవించాను.

మా ఇల్లు చెరువుల పక్కనే. రాత్రిళ్ళు ఏరేటర్లు (చెరువు నీటికి గాలి కొట్టే యంత్రాలు) తిరుగుతాయి కదా, ఆ మోటార్ల వల్లే మోత అనుకున్నా. ఒకరోజు కరెంటు పోయి ఏరేటర్లు జనరేటర్ మీద, ఇల్లు ఇన్వర్టర్ మీద నడిచాయి. మోత తగ్గకపోగా పెరిగింది. పెరగడానికి కారణం మా ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది, అది వేరే కథ. అసలు మోత మాత్రం సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ టీవీ వైరు నుంచి. వీధిలో ఎక్కడో ఒక ఎర్త్‌కి తగిలి వస్తుంది ఆ వైరు పై అల్లిక, మన ఇంట్లో రిసీవర్ ఇంకో ఎర్త్ మీద ఉంటుంది. రెండు ఎర్త్‌ల మధ్య సన్నగా కరెంటు తిరుగుతుంది, అదే మోత.

ఆ గుండ్రటి వైరుని సెట్‌టాప్ బాక్సు వెనక నుంచి విప్పి చూడండి. మోత ఆగిపోతే అదే. ఆగకపోతే కంప్యూటర్, రిసీవర్, ప్రొజెక్టర్ మూడిటి ప్లగ్గులూ ఒకే ఎర్త్ ఉన్న పాయింట్ల నుంచి వస్తున్నాయా అని చూడండి. ఎవరైనా మూడో పిన్ను విరిచేయమంటే మాత్రం వినకండి. మా ఎలక్ట్రీషియన్ మొదట చెప్పిన మాట అదే. మోత పోతుంది నిజమే, షాక్ కొడితే మనిషి కూడా పోతాడు.

అంబాజీపేట కొబ్బరికాయ (డిసెంబర్ 28, రాత్రి 8:50)

రేడియో గారూ, మీకు ఒక గెల బొండాలు బాకీ.

24 పెట్టాను. ఒక్క చుక్క లేదు. పెళ్ళి వీడియో గంట సేపు వేశాం, ఒక్కసారి కూడా ఆగలేదు. మళ్ళీ 60 పెట్టాను, మిణుగురులు వచ్చేశాయి. మళ్ళీ 24, పోయాయి. మా ఆవిడ ఇంక చాలు ఆపమంది. టార్చి వేసి కేబుల్ చివర చదివితే 'స్టాండర్డ్' అనే ఉంది. పద్నాలుగేళ్ళు స్లాబులో పడుకుని ఆ మాటే చెబుతోంది, మనమే చదవలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. రైతు ఎప్పుడూ సరుకు తగ్గితే దళారీనే అనుమానిస్తాడు. నేను ముప్పై ఏళ్ళుగా అది పడుతున్నాను. కాయలు పగిలితే లారీ వాణ్ణి ఎవరూ అడగరు, మమ్మల్నే అంటారు. తీరా నా ఇంట్లో గొడవ వస్తే నేనూ మధ్యలో వాణ్ణే పట్టుకున్నాను.

భీమవరం బాబూ, గుండ్రటి వైరు విప్పగానే మోత టక్కున ఆగింది. ప్రస్తుతానికి సినిమా వేసేటప్పుడు విప్పేస్తున్నాను. శాశ్వతంగా ఏం చెయ్యాలి?

ఇక మిగిలినవి రెండు. మూడు స్పీకర్లు ఇంకా పలకడం లేదు. 24లో సినిమా బాగుంది గానీ, నెట్‌లో క్రికెట్ పెడితే బంతి ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. కేబుల్ మార్చాలంటే ఏది కొనాలి?

భీమవరం చెరువుగట్టు (డిసెంబర్ 28, రాత్రి 9:10)

ఆ వైరుకి మధ్యలో పెట్టే చిన్న ఐసొలేటర్ ముక్క దొరుకుతుంది అంకుల్, సిగ్నల్‌ని పోనిస్తుంది, ఎర్త్‌ని మాత్రం పోనివ్వదు. నాది ఇప్పటికీ దాంతోనే నడుస్తోంది.

రాజోలు రేడియో (డిసెంబర్ 29, ఉదయం 10:30)

బొండాలు బాకీ రాసుకున్నాను.

క్రికెట్ అలా ఎందుకుందంటే, సినిమా తీసేదే సెకనుకు 24 ఫ్రేములు, కాబట్టి ప్రొజెక్టర్ 24లో ఉంటే ఒక ఫ్రేముకి ఒక ఫ్రేము సరిగ్గా సరిపోతుంది. నిజానికి 60 కంటే ఇదే మెరుగు. 60లో 24ని సర్దడానికి ఒక ఫ్రేముని రెండుసార్లు, తర్వాతదాన్ని మూడుసార్లు చూపించాల్సి వస్తుంది, కెమెరా మెల్లగా తిరిగే చోట చిన్న కుదుపు కనిపిస్తుంది. ఆట ప్రసారాలు మాత్రం సెకనుకు 50, 60 ఫ్రేములు. వాటిని 24లో చూస్తే సగానికి పైగా పోతాయి.

కేబుల్: పదిహేను మీటర్లకి రాగి తీగతో 1080పీ 60 తెచ్చే హై స్పీడ్ కేబుళ్ళు ఉన్నాయి, కానీ లావుగా, బిరుసుగా ఉంటాయి, మీ పైపు మలుపుల్లో చచ్చేంత పని. పైగా రేపెప్పుడో మీ అబ్బాయి 4కే ప్రొజెక్టర్ అంటాడు. 4కే 60కి సెకనుకు 59.4 కోట్లు, అంటే ఇప్పటి బరువుకి నాలుగింతలు. అంత దూరం రాగి మీద అది ఎక్కదు. ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి, 18 జీబీపీఎస్ అని రాసి ఉన్నది. సన్నగా ఉంటుంది, వెలుగు మీద నడుస్తుంది. అయితే దాంతో జాగ్రత్తలున్నాయి, ఇవి మాత్రం కాగితం మీద రాసుకోండి.

అది ఒకే దిక్కున నడుస్తుంది. ఒక చివర 'సోర్స్' అని ఉంటుంది, అది రిసీవర్ దగ్గర. రెండో చివర 'డిస్‌ప్లే' అని ఉంటుంది, అది ప్రొజెక్టర్ దగ్గర. తిరగేస్తే బొమ్మ రాదు. పైపులోకి ఎక్కించే ముందే నేల మీద పరిచి, రెండు చివర్లూ కలిపి, బొమ్మ చూసి, ఆ తర్వాతే లాగండి. లాగేటప్పుడు తాడు ప్లగ్గుకి కట్టకండి, దాని వెనక తొడుగుకి కట్టండి. లోపలున్నది గాజు పోగు, గట్టిగా మడిస్తే విరిగిపోతుంది. పాత కేబుల్ చివరకే కొత్తది కట్టి అవతల నుంచి పాతది లాగితే కొత్తది దాని వెంట వస్తుంది. ఆ పైపులో కరెంటు వైర్లు లేవు కదా? ఉంటే ఈ పని మీరు చెయ్యకండి, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

స్పీకర్లు: విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ దగ్గర రిసీవర్ పేరు ఎంచుకోండి. తర్వాత పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, అదే పేరు మీద నొక్కి, కింద 'కన్ఫిగర్' బటన్ కొట్టండి. స్టీరియో ఉన్న చోట 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) పెట్టండి. అక్కడ ఒక్కో స్పీకర్ బొమ్మ మీద నొక్కితే ఆ స్పీకర్ పలకాలి. ఎడమది నొక్కితే కుడిది పలికితే వైర్లు మారిపోయాయని.

ఆ తర్వాత సినిమాలకి కోడి పెట్టుకోండి. అందులో సిస్టమ్ సెట్టింగ్స్, ఆడియోలో 'పాస్‌త్రూ' ఆన్ చేస్తే డాల్బీ, డీటీఎస్ అని మూటకట్టి వచ్చే సరౌండ్ శబ్దాన్ని కంప్యూటర్ విప్పకుండా మూటతో సహా రిసీవర్‌కి ఇచ్చేస్తుంది, రిసీవర్ విప్పుకుంటుంది. ప్లేయర్ సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ దానంతట అదే మార్చుకునే వీలు కూడా ఉంది, సినిమా పెడితే 24కి వెళ్ళి, ఆపితే 60కి వచ్చేస్తుంది. ఇక యూట్యూబ్‌లో చాలా వరకు రెండు చానళ్ళ శబ్దమే ఉంటుంది. దానికి మిగతా స్పీకర్లు పలకలేదని మళ్ళీ ఉత్తరం రాయకండి, రిసీవర్ రిమోట్‌లో సరౌండ్ బటన్ నొక్కుకోండి.

అంబాజీపేట కొబ్బరికాయ (డిసెంబర్ 29, మధ్యాహ్నం 1:00)

ఐదూ పలికాయండి! వెనక కుడి, వెనక ఎడమ తారుమారుగా ఉన్నాయి, మార్చేశాను.

కోడి అంటే పండగ కదా, పందెం కోడి గురించి ఏదో అంటున్నారనుకుని రెండుసార్లు చదివాను. మా మేనల్లుడు ఫోన్‌లో చెబితే గానీ అది సినిమాలు వేసే సాఫ్ట్‌వేర్ అని తెలియలేదు.

కేబుల్ ఆర్డర్ పెట్టాను. నాలుగు వేల చిల్లర. నలభై వేల మీద నాలుగు వేలు, ఇది నా కమీషన్ రేటు కంటే మెరుగు.

అంబాజీపేట కొబ్బరికాయ (జనవరి 6, రాత్రి 7:25)

కేబుల్ వచ్చింది, ఎక్కించాం. ఎలా ఎక్కించామో చెప్పాలి.

మీరు చెప్పినట్టే నేల మీద పరిచి చూశాను, 60లో కూడా బొమ్మ కడిగిన ముత్యంలా ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పైపులో వేరే వైర్లు లేవు. పాత కేబుల్ని కొంచెం కదిపి చూస్తే పద్నాలుగేళ్ళకి లోపల అతుక్కుపోయినట్టుంది, రాలేదు. మా దగ్గర కొబ్బరి చెట్లెక్కే కుర్రాడు ఒకడున్నాడు, వాడి పట్టు మామూలుది కాదు. వాడు కింద, ఎలక్ట్రీషియన్ పైన. కొబ్బరి నూనె పోద్దామన్నాడు కుర్రాడు. వద్దని, కాస్త టాల్కం పౌడర్ ఊదాం. కదిలింది.

పాత దాని చివరకి కొత్తది కట్టాం, ప్లగ్గుకి కాకుండా తొడుగుకే కట్టాం, ప్లగ్గు మీద ప్లాస్టిక్ కవరు చుట్టాం. జారుడు పట్టు బాగా కుదిరింది. పావుగంటలో అవతల తేలింది. అందరం చప్పట్లు కొట్టాం. ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద నుంచి కవరు విప్పి, "అయ్యగారూ, సోర్స్ అంటే ఏంటండీ?" అన్నాడు.

కింద నుంచి పైకి లాగుతామనుకుని నేను చివర్లు సరిచూసి పెట్టాను. వాళ్ళేమో నిచ్చెన మీద చోటు చాలట్లేదని పై నుంచి కిందకి లాగారు. నేను ఆ సమయానికి టీ తెప్పించడానికి కిందకి వెళ్ళాను. కాగితం మీద రాసుకున్నానండి, కాగితం నా జేబులోనే ఉంది.

మళ్ళీ తాడు కట్టి, మళ్ళీ వెనక్కి లాగి, తిప్పి కట్టి, మళ్ళీ ఎక్కించాం. రెండోసారి మలుపు దగ్గర నా గుండె ఆగింది, గాజు పోగు విరిగిందేమోనని. విరగలేదు. ఇప్పుడు రిసీవర్ మధ్యలో పెట్టుకుని 60 హెర్ట్జ్‌లో రెండు గంటలుగా నడుస్తోంది. పాత కేబుల్ పారెయ్యబోతే మా అమ్మ తీసుకుని డాబా మీద దండెం కట్టించుకుంది.

ఇంకొక్కటే మిగిలింది. నల్లటి చోట్లు బూడిద రంగులో కనిపిస్తున్నాయి. రాత్రి సీను పొద్దున్న మంచులా ఉంది.

రాజోలు రేడియో (జనవరి 6, రాత్రి 9:00)

నేను చెప్పాల్సిన మాట మర్చిపోయాను. నిచ్చెన మీద ఉన్నవాడి చేతికే 'డిస్‌ప్లే' చివర ముందు ఇచ్చి మొదలుపెట్టమని. పోనీలెండి, విరగలేదు.

బూడిద రంగుకి రెండు కారణాలుంటాయి. ముందు గదిలోకి వెలుగు ఎక్కడ నుంచైనా వస్తోందేమో చూడండి, తెల్ల గోడలున్న గదిలో తెర మీద వెలుగే తిరిగి తెర మీద పడుతుంది. అది కాకపోతే రంగుల కొలత. టీవీల లెక్కలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. కంప్యూటర్ ఒక లెక్కలో పంపి, ప్రొజెక్టర్ ఇంకో లెక్కలో చదివితే నలుపు బూడిద అవుతుంది, లేదా చీకట్లో ఉన్నవన్నీ ఒకే నల్ల ముద్ద అవుతాయి. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్‌లో 'డైనమిక్ రేంజ్' దగ్గర లిమిటెడ్, ఫుల్ అని రెండుంటాయి. మార్చి చూడండి. ప్రొజెక్టర్ మెనూలో కూడా అలాంటిదే ఉంటుంది, రెండు చోట్లా ఒకటే ఉండాలి.

పాలకొల్లు నేల టికెట్ (జనవరి 7, ఉదయం 8:10)

అన్నా, కనుమకి మేమూ వస్తున్నాం, అడ్రస్ పెట్టు. :)

అంబాజీపేట కొబ్బరికాయ (జనవరి 17, ఉదయం 7:45)

పండగ హడావిడిలో రాయడం కుదరలేదు. రెండు చోట్లా లిమిటెడ్ పెడితే నలుపు నల్లగా అయింది.

కనుమ సాయంత్రం ప్రభలు మొక్కుకుని అందరూ వచ్చేసరికి ఎనిమిదైంది. ఇరవై ఐదు మంది అనుకుంటే ముప్పై ఏడు మంది. సినిమా మొదలెట్టాక ఇంటర్వెల్ దగ్గర కరెంటు పోయింది. ప్రొజెక్టర్ దీపం వేడిగా ఉండగానే ఫ్యాన్ ఆగిపోయింది, నాకు టెన్షన్. పదిహేను నిమిషాలు దాన్ని ముట్టుకోనివ్వలేదు ఎవర్నీ, చల్లారాకే ఆన్ చేశాను. దీనికి యూపీఎస్ కొనాలా?

ఇంకోటి, మా పెద్ద మేనకోడలు కనిపెట్టింది. మాట ముందు వినిపిస్తోంది, పెదవి తర్వాత కదులుతోంది. చాలా కొంచెం. మేమెవ్వరం గమనించలేదు. ఆ పిల్ల చెప్పిన దగ్గర్నుంచి నాకు ఇంకేం కనపడటం లేదు.

రాజోలు రేడియో (జనవరి 17, ఉదయం 11:20)

యూపీఎస్ కొనండి, ప్రొజెక్టర్‌కీ కంప్యూటర్‌కీ. దీపం ఉన్న ప్రొజెక్టర్ మూడు వందల వాట్ల దాకా లాగుతుంది, దాని వెనక రాసి ఉన్న వాట్లు చూసి, కంప్యూటర్‌ది కలిపి, దానికి పైన ఉన్న సైజు తీసుకోండి. సినిమా చూడ్డానికి కాదు, ఫ్యాన్ తిరిగి దీపం చల్లారే దాకా నిలిస్తే చాలు. రిసీవర్‌ని దాని మీద పెట్టకండి.

పెదవుల సంగతి: ప్రొజెక్టర్ బొమ్మని సరిదిద్దుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటుంది, శబ్దానికి ఆ పని లేదు, అందుకే ముందు వచ్చేస్తుంది. రిసీవర్ మెనూలో 'ఆడియో డిలే' లేదా 'లిప్ సింక్' అని ఉంటుంది. ఒకరు మాట్లాడే సీను పెట్టి, పది మిల్లీసెకన్ల చొప్పున పెంచుకుంటూ వెళ్ళండి. ఎక్కడ ఆపాలో మీ మేనకోడల్ని అడగండి.

అంబాజీపేట కొబ్బరికాయ (జనవరి 17, రాత్రి 9:30)

పిల్ల నిన్ననే కాకినాడ వెళ్ళిపోయింది. వీడియో కాల్‌లో తెర చూపిస్తే, కాల్‌లోనే మాట ఆలస్యంగా వస్తోంది, నేనేం చెప్పను మావయ్యా అంది. నేనే చూసుకుని 80 దగ్గర ఆపాను. వచ్చే వారం మా కొబ్బరి లారీ రాజోలు వైపు వస్తుంది, గెల పంపుతున్నాను. ఎక్కడ దింపమంటారో విడిగా మెసేజ్ పెట్టండి.